‘నేను’ అను సంస్కృతి, ‘మేము’ అను సంస్కృతి

రేడియో నిలయమునకు ముచ్చటించుటకు వచ్చువారితో మాకొక చిన్న చిక్కు తరచుగా కలుగుచుండును. ఊరి చెరువుకట్టకు గండి పడిన రాత్రి తెల్లవార్లు నిలిచి దానిని పూడ్పించిన రైతు నొకనిని మైకు ముందు కూర్చుండబెట్టి, ‘ఆ రాత్రి మీరేమి చేసినారో చెప్పండి’ అని అడుగుదుము. ‘మేమందరము పోయినాము. మావాళ్లు గోతాలు తెచ్చినారు. మట్టి పోసినాము’ అని ఆయన చెప్పును. ‘అది సరే, మీరు స్వయముగా ఏమి చేసినారు?’ అని మరల అడిగినచో ఆయన తడబడును, సిగ్గుపడును, ప్రక్కవాని వైపు చూచును. ఒక్క ‘నేను’ను రాబట్టుటకు పది నిమిషముల ధ్వనిముద్రణ ఖర్చగును.

ఈ సిగ్గు ఆయన ఒక్కనిది కాదు. మన భాషయే దానిని నేర్పినది. ఇంటికి ఒక్కడే కొడుకైనను తెలుగువాడు ‘మా నాన్నగారు’ అనునే గాని ‘నా నాన్నగారు’ అనడు. భార్యను గూర్చి ‘మా ఆవిడ’ అనును. ఆమె ‘మా ఆయన’ అనును. ఈ మాటలను ఉన్నవి ఉన్నట్లు ఇంగ్లీషులో చెప్పినచో విన్న ఆంగ్లేయుడు, ఇంతమందికి కలిసి ఒక్క భార్యయా అని విస్తుపోవును. ఇంటిపేరు ముందు వచ్చును, మనిషి పేరు తరువాత వచ్చును. ఇంకొక విశేషము కూడ కలదు. ఇంగ్లీషువానికి బహువచనమున ఉత్తమపురుషకు ఒక్కటే మాట. మనకు రెండు. ఎదుటివానిని కలుపుకొన్నచో ‘మనము’. అతనిని వెలుపల నుంచినచో ‘మేము’. లోపలివారెవరు, వెలుపలివారెవరు అన్నది తేల్చుకొనక తెలుగువాడు ఆ మాట నెత్తలేడు. ఈ సంగతి ముందు మరల ప్రస్తావనకు వచ్చును.

భాషను బట్టి జాతి స్వభావమును తేల్చివేయుట మాత్రము ప్రమాదకరము. ఇంగ్లీషువారు ‘నేను’ అను మాటను ఎల్లప్పుడు పెద్ద అక్షరముతో వ్రాయుదురు గనుక వారు అహంకారులని చెప్పువారు కలరు. చేతివ్రాత కాలమున ఒంటరిగా నిలిచిన చిన్న అక్షరము కంటికి ఆనదని లేఖకులు చేసికొన్న ఏర్పాటే అది. అందు గర్వమేమియు లేదు. ఐనను, వేర్వేరు దేశముల భాషలను పోల్చి 1998లో కాషిమా దంపతులు ప్రకటించిన పరిశోధన యొకటి ఆలోచింపదగినది. కర్తను వదలివేసి వాక్యము చెప్పుటకు వీలున్న భాషలు మాటలాడు సమాజములలో వ్యక్తికి ప్రాధాన్యము సాధారణముగా తక్కువ యని వారు చూపిరి. ‘వస్తాను’ అన్నచో మనకు చాలును. ‘నేను’ అనవలసిన పని లేదు. ఇంగ్లీషులో అట్లు కుదరదు. కారణమేది, కార్యమేది అన్నది వేరు ప్రశ్న.

పండితులు ఈ రెండు విధముల సమాజములను వ్యక్తిప్రధానములనియు, సమష్టిప్రధానములనియు విభజింతురు. ‘వ్యష్టి’, ‘సమష్టి’ అను మాటలు మనకు క్రొత్తవి కావు. చెట్టునకును అడవికిని గల సంబంధమును దృష్టాంతముగా చూపి వేదాంత గ్రంథములు ఈ భేదమును చర్చించినవి. పాశ్చాత్యులకు మాత్రము ‘వ్యక్తివాదము’ అను మాట పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సులో పుట్టిన క్రొత్త మాట. అదియు మొదట నిందావాచకముగా పుట్టినది. 1831లో అమెరికాకు వెళ్లి అక్కడి సంఘమును పరిశీలించిన అలెక్సిస్ ద తోక్విల్ అను ఫ్రెంచి మేధావి, 1840లో ప్రకటించిన తన గ్రంథపు రెండవ భాగమున దానికి నిర్వచనము చెప్పెను. మనిషి తన కుటుంబమును, కొద్దిమంది మిత్రులను చేర్చుకొని చిన్న గిరి గీసికొని, ఆ గిరి వెలుపలి సమాజమును దాని మానాన దానిని వదలివేయుటయే వ్యక్తివాదమని ఆయన భావము. ఆ నిర్వచనము చదివిన తెలుగువానికి, అది అమెరికావానిని గూర్చి కాక తన వీధిలోనివారిని గూర్చి వ్రాసినట్లు తోచినను తోచవచ్చును. అమెరికనులు ఎడతెగక సంఘములు స్థాపించుచుందురనియు, బడి కట్టవలసినను, సత్రము కట్టవలసినను, పుస్తకములు పంచవలసినను ముక్కు మొగము తెలియని పదిమంది కలిసి ఒక సంఘముగా ఏర్పడుదురనియు కూడ అదే గ్రంథమున ఆయన వ్రాసెను. వ్యక్తిప్రధాన సమాజమున మనుష్యులు కలియరని కాదు. ఎవరితో కలియవలెనో ఎవరికి వారు ఎంచుకొందురు. సమష్టిప్రధాన సమాజమున ఆ ఎంపిక చాలవరకు పుట్టుకతోనే జరిగిపోయి యుండును.

ఇరువదవ శతాబ్దమున ఈ భేదమునకు అంకెలు కట్టు ప్రయత్నము జరిగెను. గేర్ట్ హాఫ్‌స్టెడ్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు, ఐ.బి.ఎం. అను అమెరికా కంపెనీకి అనేక దేశములలో గల ఉద్యోగులకు 1967 నుండి 1973 వరకు ఇచ్చిన ప్రశ్నపత్రములను, అనగా లక్షకు పైబడిన జవాబులను ఆధారము చేసికొని 1980లో ఒక గ్రంథము ప్రకటించెను. వ్యక్తిప్రాధాన్యమునకు ఆయన కట్టిన మార్కులలో అమెరికాకు 91, బ్రిటనునకు 89 వచ్చినవి. వెనిజులాకు 12, పాకిస్తానునకు 14. మన దేశమునకు 48, జపానునకు 46. ‘ప్రాచ్యులమైన మనము సమష్టివాదులము, పాశ్చాత్యులు వ్యక్తివాదులు’ అని సభలలో చెప్పువారు ఈ 48ని ఒకసారి చూడవలెను. అది అటును గాదు, ఇటును గాదు, నట్టనడుమ నున్నది. ఒకే కంపెనీలోని ఉద్యోగులను, అందును ఉద్యోగమున ఏమేమి సౌకర్యములు కోరుదురని అడిగి, దానినిబట్టి ఒక మహాదేశపు మనస్సును లెక్కకట్టుట గరిటెతో గోదావరిని కొలుచుట వంటిదని నా అభిప్రాయము. పరీక్షకులకు మార్కులు వేయుట అలవాటు. దేశములకు కూడ వేసిరి.

అంకెల కన్న కథలు ఎక్కువ తెలుపును. జోన్ మిల్లర్ అను అమెరికా మనస్తత్వ పరిశోధకురాలు మైసూరులోని హిందువులను, షికాగోలోని అమెరికనులను ఒకే విధముగా ప్రశ్నించి 1984లో తన పరిశోధనను ప్రకటించెను. ఎదుటివాడు చేసిన మంచిపని నొకదానిని, చెడ్డపని నొకదానిని చెప్పి, అతడు అట్లేల చేసెనో మీరే వివరింపుడని ఆమె అడిగెను. మైసూరు వారొకరు చెప్పిన ఉదంతమిది. ఒక ప్లీడరు మోటారు సైకిలుపై కోర్టునకు పోవుచుండెను. వెనుక మరియొక మనిషి కూర్చుండెను. దారిలో వెనుక చక్రము పగిలెను. వెనుకనున్న మనిషి పడి, తల నేలకు కొట్టుకొనెను. ప్లీడరు అతనిని ఆసుపత్రికి చేర్చి, అతని స్థితి యెట్లున్నదో వైద్యుని నిలిచి విచారింపక కోర్టుకు వెళ్లిపోయెను. ఆ మనిషి మరణించెను.

ప్లీడరు ఏల అట్లు చేసెను? కథ చెప్పినవారి వివరణ ఇది: కక్షిదారు తరఫున కోర్టులో నుండుట అతని విధి, అదిగాక అతడు కంగారుపడి యుండును, గాయపడినవాడు పైకి అంత ప్రమాదమున నున్నట్లు కానవచ్చి యుండకపోవును. ఇదే కథను అమెరికనులకు వినిపింపగా వారు, ఆ ప్లీడరు బాధ్యత లేనివాడనిరి; తన వృత్తిలో పైకి వచ్చుటయే కావలసినవాడనిరి. మైసూరు వారు మనిషి చుట్టునున్న కట్టుబాట్లను చూచిరి. షికాగో వారు మనిషిని చూచిరి. ఒకరు క్షమించిరనియు, ఒకరు నిందించిరనియు దీనిని అర్థము చేసికొనరాదు. మంచిపని చేసినవానిని గూర్చి అడిగినప్పుడు కూడ ఇదే భేదము కనబడెను. అమెరికను ‘అతడు దయగలవాడు’ అనినచోట మైసూరు వాసి ‘వారిరువురు స్నేహితులు గదా’ అనెను.

ఈ పరిశోధనలో నాకు మిక్కిలి నచ్చిన భాగము పిల్లలను గూర్చినది. ఎనిమిదేండ్ల మైసూరు బాలునకును, ఎనిమిదేండ్ల షికాగో బాలునకును వివరణలో పెద్ద భేదము లేదు. పదునొకండేండ్ల వయసునను అంతే. పెద్దవారగుచున్న కొలది ఇరుదేశములవారు ఇరుదారుల పోయిరి. ఈ భేదము నెత్తురులో లేదు; పెంపకమున, పరిసరములలో క్రమక్రమముగా అబ్బుచున్నది.

ఇచ్చట మనవారు సంతోషించుటకు ఒక అవకాశమున్నది, దానిని కొంచెము ఆపుకొనవలెను. ‘సమష్టి’ అనగానే పరోపకారమనియు, ‘వ్యక్తి’ అనగానే స్వార్థమనియు మనము తలంచుట వాడుక. మిల్లరు, ఆమె సహచరులు 1990లో ప్రకటించిన మరియొక పరిశోధన దీనికి కొంత ఊత మిచ్చును. చిన్న చిన్న అవసరములలో కూడ ఎదుటివానికి సాయపడుట తప్పించుకొనరాని ధర్మమని భారతీయులు చెప్పిరి. అది ఎవరి ఇష్టము వారిదని అమెరికనులు చెప్పిరి. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని జపానులో తొషియో యమగిషి 1994లో చూపినది వేరు. ముక్కు మొగము తెలియని మనిషిని నమ్మవచ్చునా అని అడిగినచో జపానువారి కన్న అమెరికావారే ఎక్కువగా నమ్మవచ్చుననిరి. వినుటకు తారుమారుగా నున్నది గదా! యమగిషి కారణము చెప్పెను. కట్టుగా బ్రతుకు సమాజమున ఒకరినొకరు నమ్ముటకు మంచితనము అవసరము లేదు; మోసము చేసినవాడు ఆ కట్టు వదలి ఎక్కడికిని పోలేడు గనుక మోసము చేయడు. అది హామీ, నమ్మకము కాదు. కట్టు దాటినచో ఆ హామీ లేదు. పలుమారు క్రొత్తవారితో వ్యవహరింపవలసిన సమాజములో క్రొత్తవానిని నమ్ముట నేర్చుకొనక తప్పదు.

ఇదియే మన ‘మేము’కును ‘మనము’కును గల తేడా. కచేరీలో గుమాస్తా ‘ఆయన మనవాడే’ అన్నచో పని యగును. ‘మనవాడు’ కానివాడు మరునాడు రావలెను. మన సాయములో ఔదార్యము ఎక్కువ, దాని వైశాల్యము తక్కువ. పాశ్చాత్యుడు తన తమ్మునికి ఇల్లు కట్టి యీయకపోవచ్చును. కాని వరుసలో తనకు ముందు నిలిచినవాడు ఎవరైనను వానిని త్రోసి పోడు. ఏది మేలని నన్నడిగినచో, నాకు రెండును కావలెను.

ఇక ఈ భేదములు ఎట్లు కలిగినవి? మతము వలన ననువారు కలరు, ఐశ్వర్యము వలన ననువారు కలరు. చైనాలో జరిగిన పరిశోధన యొకటి వరిమడి వైపు వేలు చూపుచున్నది. వరి పండించు తెలుగు రైతులకు ఇది సులభముగా బోధపడును.

చైనాలో యాంగ్ట్సే నదికి దక్షిణమున అనాదిగా వరి, ఉత్తరమున గోధుమ. రెండు వైపులను ఒకే జాతి, ఒకే లిపి, ఒకే ప్రభుత్వము. థామస్ తాల్‌హెల్మ్, అతని సహచరులు చైనాలో ఆరు చోట్ల 1,162 మంది విద్యార్థులను పరీక్షించి 2014లో ఫలితములు వెలువరించిరి. ఒక పరీక్షలో, మీ స్నేహబృందమును కాగితముపై గీయుడు, మనిషికొక సున్న చుట్టుడు అని చెప్పిరి. ఎవరి సున్నను వారు ఎంత పెద్దదిగా గీసిరో కొలిచిరి. అమెరికనులు తమ సున్నను ఇతరుల సున్నలకన్న సుమారు 6 మిల్లీమీటర్లు పెద్దదిగా గీయుదురని అంతకు ముందే తెలిసియున్నది. చైనాలో గోధుమ సీమవారు తమ సున్నను 1.5 మిల్లీమీటర్లు పెద్దదిగా గీసిరి. వరి సీమవారు తమను, ఇతరులను దాదాపు సమానముగా గీసిరి. ఆ విద్యార్థులలో పలువురు ఎన్నడును మడిలో కాలుపెట్టి యుండరు. ఐనను, తాతముత్తాతల పొలము వారి పెన్సిలును నడిపినది.

వరికి ఇంత శక్తి ఎట్లు వచ్చెను? గోధుమకు వాన చాలును. ఒక కుటుంబము తన గింజలు తాను చల్లుకొని, తన పంట తాను కోసికొనవచ్చును. వరికి శ్రమ సుమారు రెండింతలు. నారు పోయవలెను, దమ్ము చేయవలెను, అదనున నాట్లు పడవలెను. ఒక్క ఇంటివారి చేతులు చాలవు; ఈనాడు నీ మడికి నేను, రేపు నా మడికి నీవు. నీటి సంగతి అంతకన్న గట్టిది. ఎగువ మడివాడు గట్టు తెంచిననే దిగువ మడికి నీరు. కాలువ పూడిక తీయుట ఒక్కనివల్ల నగునా? పొరుగువానితో పగ పెట్టుకొన్నవాని పంట ఎండిపోవును. మన చెరువుల క్రింది ఆయకట్టులలో నీరు వంతులవారీగా పంచుటకు నీరుగంటి అను గ్రామసేవకుని నిలుపుకొన్నది ఇందులకే. వరిసీమ రైతు పొరుగువానిని ప్రేమించునో లేదో చెప్పలేము. కాదని మాత్రము బ్రతుకలేడు.

పొలమే కారణమని నిశ్చయించుటకు చైనా ప్రభుత్వ చర్య యొకటి తోడ్పడినది. నింగ్‌షియా ప్రాంతములో సర్కారు వారు ప్రభుత్వ వ్యవసాయక్షేత్రములు రెండు నెలకొల్పి, జనులను తామే పంపిరి. ఒకచోట వరి, వేరొకచోట గోధుమ. ఎవరు ఎచ్చటికి పోవలెనో జనులు ఎంచుకొనలేదు. వారి సంతతిని పరీక్షించి 2024లో తాల్‌హెల్మ్, డాంగ్ అను పరిశోధకులు చెప్పిన దేమనగా, వరి క్షేత్రమువారు గోధుమ క్షేత్రమువారి కన్న తక్కువ వ్యక్తివాదులు. వేలయేండ్ల నాగరికత అక్కరలేకపోయెను; కొలది తరముల బురద చాలినది.

ఇంకొక పరీక్షను తలచినచో నవ్వు వచ్చును. చైనా నగరములలోని స్టార్‌బక్స్ కాఫీ హోటళ్లలో నడవకు అడ్డముగా కుర్చీలు జరిపి పెట్టి, వచ్చినవారేమి చేయుదురో చాటుగా చూచిరి. 2018లో ఫలితములు వచ్చినవి. ఉత్తరమున గోధుమ సీమలో నూటికి సుమారు 16 మంది కుర్చీ తీసి ప్రక్కన పెట్టిరి. దక్షిణమున సుమారు 6 గురు మాత్రమే అట్లు చేసిరి; తక్కినవారు తమ్ము తాము కుదించుకొని సందులో నుండి దూరి పోయిరి. పరిసరములను తనకు తగినట్లు మార్చువాడు ఒకడు, తానే పరిసరములకు తగినట్లు మారువాడు ఒకడు. ధనిక నగరమైన హాంకాంగులో సైతము జనులు దక్షిణాదివారి వలెనే దూరి పోయిరి. ఐశ్వర్యము వచ్చినంతనే మనిషి వ్యక్తివాది యగునను సిద్ధాంతమునకు ఆ కుర్చీలు అడ్డుతగిలినవి.

పాశ్చాత్యుని ‘నేను’ వెనుక కూడ ఇట్టి ఏర్పాటే యున్నది, మనకది కానరాదు. ఐరోపా వాయవ్య దేశములలో స్త్రీపురుషులు ఆలస్యముగా వివాహమాడి, తల్లిదండ్రుల యింట గాక వేరింట కాపురము పెట్టుట చిరకాలపు ఆచారమని జాన్ హైనల్ చూపెను. ఆ దేశములలో కొడుకు వేరు పోవుట ఆధునిక నాగరికత తెచ్చిన చెరుపు కాదు. మరి వృద్ధులగతి? ఇంగ్లండులో 1601 నాటి దరిద్రపోషణ చట్టము ఊరూర పన్ను వసూలుచేసి నిరుపేదలను, అశక్తులను పోషింపుమని శాసించెను. తల్లిదండ్రులను పోషించు బాధ్యత బిడ్డలపై కూడ ఆ చట్టమున వ్రాయబడినదే. 1908 చట్టము ప్రకారము, మరునాటి సంవత్సరము జనవరి నుండి, డెబ్బదియేండ్లు నిండిన పేదలకు వారమునకు అయిదు షిల్లింగుల వరకు ప్రభుత్వమే పింఛను నీయసాగెను. 1948లో ఆ పాత చట్టమును పూర్తిగా రద్దు చేసినప్పుడు, బిడ్డలపై నుండిన బాధ్యతయు తొలగిపోయెను. ఆంగ్లేయుడు ఒంటరిగా నిలిచినట్లు మనకు కానవచ్చును. అతని వెనుక ఖజానా నిలిచి యున్నది.

మనకు ఆ ఖజానా కుటుంబమే. చదువునకు అప్పు, పెండ్లికి ఖర్చు, రోగమునకు మందు, పంట పోయిన యేడు గింజలు, అన్నియు అందుండియే. బ్యాంకు, బీమా కంపెనీ, ఆసుపత్రి అన్నియు కలిసి ఒక పెంకుటింట నుండినట్లు. ఇట్టి సంస్థకు నిబంధనలుండవా? ఉన్నవి, కఠినముగనే యున్నవి. తెలుగుదేశమున చెల్లుచు వచ్చిన మితాక్షర న్యాయమున కొడుకు పుట్టగనే పూర్వికుల యాస్తిలో వాటాదారు. కళ్యాణి చాళుక్యుల కొలువున విజ్ఞానేశ్వరుడు వ్రాసిన ధర్మమది. బెంగాలులో జీమూతవాహనుని దాయభాగము ప్రకారము తండ్రి బ్రతికి యుండగా కొడుకునకు ఏ హక్కును లేదు. ఒకే మతము, ఒకే స్మృతులు, రెండు విధముల ‘మేము’!

ఉమ్మడి సొమ్ముతో చదువుకొన్నవాని జీతము ఎవరిది? ఈ ప్రశ్న ఇంటింట తగవులు పెట్టినది. కుటుంబము చదివించినది గనుక కుటుంబమునదే యని ఒక వాదము. రాత్రులు మేలుకొని చదివినవాడు తాను గనుక తనదే యని వేరొక వాదము. మదరాసులో భాష్యం అయ్యంగారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున, విద్యార్జితము ఆర్జించినవానిదే యని బిల్లు తెచ్చిరి. అది శాసనము కాలేదు. 1921లో లండనులోని ప్రీవీ కౌన్సిలువారు, ఉమ్మడి ధనముతో సీమకు వెళ్లి చదివి సివిల్ సర్వీసు నందిన ఉద్యోగి జీతము సైతము ఉమ్మడి సొత్తే యని తీర్పు చెప్పిరి. వ్యక్తివాదమునకు పుట్టినిల్లని మనము చెప్పుకొను దేశపు న్యాయమూర్తులు సమష్టి పక్షమున నిలిచిరి. వారి తీర్పును తొలగించినది మనవారే. ఎం. ఆర్. జయకరు తెచ్చిన బిల్లు 1930లో శాసనమై, విద్యవలన గడించినది, ఆ విద్యకు ఎవరి సొమ్ము ఖర్చయినను, గడించినవాని సొంతమని తేల్చెను.

ఈ తగవు అంతయు మగవారి నడుమ జరిగినదని గమనింపవలెను. ఉమ్మడి కుటుంబమున ‘మేము’ అని పలుకువాడు ఇంటి పెద్ద. ఆ మాటలో కోడలు ఉండెనా? కూతురు ఉండెనా? పని పంచుకొనుటలో ఉండిరి. ఆస్తి పంచుకొనుటలో లేరు. నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వ కాలమున ఆంధ్రప్రదేశ్ చేసిన 1986 నాటి సవరణ, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లుగా, కూతురికి కొడుకుతోపాటు పుట్టుకతోనే వాటా కల్పించెను. అప్పటికే పెండ్లియైనవారికి మాత్రము లేదు. కేంద్ర చట్టము 2005లో దేశమంతటికిని ఆ హక్కును విస్తరించెను. చట్టమున్నను, పుట్టింటివారితో సంబంధము చెడునని భయపడి విడుదల కాగితముపై సంతకము పెట్టిన అక్కచెల్లెండ్రు మన యెరుకలో ఎందరు లేరు? అది ఔదార్యమందుమా, దిక్కులేనితనమందుమా? రేపు భర్తతో పొసగనినాడు తలుపు తెరువవలసినవాడు అన్నయే యని ఆమెకు తెలియును. ఆమె వదలుకొన్న వాటాయే ఆ తలుపునకు ఆమె కట్టిన బీమా సొమ్ము.

వృద్ధుల విషయమున మన పార్లమెంటు 2007లో ఒక చట్టము చేసినది. తమను తాము పోషించుకొనలేని తల్లిదండ్రులు ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనినచో, నెలకు 10,000 రూపాయలకు మించకుండ బిడ్డలచే మనోవర్తి ఇప్పింపవచ్చునని ఆ చట్టము చెప్పినది. ఇంగ్లండువారు 1948లో బిడ్డల పేరు కొట్టివేసిరి. మనము 2007లో బిడ్డల పేరు మరింత గట్టిగా వ్రాసితిమి.

ఈ రెండు ఏర్పాట్ల నడుమ నేడు వేలాది తెలుగు కుటుంబములు నిలిచి యున్నవి. కొడుకు డల్లాసులోనో, కూతురు మెల్బోర్నులోనో యుండును. అక్కడ వారికి పింఛను లెక్క వేరు, వైద్యబీమా వేరు. పదునెనిమిదేండ్లు నిండిన మనుమడు ఏమి చదువవలెనో తానే నిర్ణయించుకొనును. ఇక్కడ తాత, ఆ సంగతి తనతో ఒక్క మాటయైన చెప్పలేదని నొచ్చుకొనును. మనుమడు తాతను అవమానింపలేదు. తన చదువు సంగతి తాతను అడుగవలసినదని అతనికి తోచనే లేదు. ఆ తాతయును ఇక్కడ పింఛనుపై, బీమాపై, జీతమునకు కుదుర్చుకొన్న పనిమనిషిపై ఆధారపడి, తనకు తెలియకుండగనే ఇంగ్లండువాని ఏర్పాటులో బ్రతుకుచున్నాడు. నెలనెల డబ్బు పంపుదునని కొడుకనును; వద్దని తండ్రి యనును. పంపకున్న కొడుకునకు మనస్సొప్పదు. పుచ్చుకొన్న తండ్రికి మనస్సొప్పదు. ఆదివారమునాడు ఫోనులో మాటలాడుకొనునప్పుడు మాత్రము, ఇరువురును తాళము వేసియున్న పల్లెటూరి కొంపను ‘మన ఇల్లు’ అనియే చెప్పుకొందురు.